నడిచిపోయే దూరంలో సినిమా హాలు

ఈ ఎపిసోడ్ కొంచెం మా ఊరి గురించి, ఎక్కువగా సినిమా హాళ్ళ గురించి. మాది పాకాల. తిరుపతి నుంచి కాట్పాడి పోయే రైలు ఎప్పుడైనా ఎక్కి ఉంటే మా జంక్షన్ చూసే ఉంటారు, ధర్మవరం లైను విడిపోయేది ఇక్కడే.

ముందు ఒక చిన్న లెక్క. మీ ఫోన్లో రీల్ అంటే ఎంత? అర నిమిషం, నిమిషం. నా చిన్నప్పుడు రీల్ అంటే 11 నిమిషాలు. నిజంగానే. 35 ఎంఎం ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు, అంటే సెకనుకు అడుగున్నర నడుస్తుంది. 1000 అడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోతుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, కిలోమీటర్లలో చెప్పాలంటే నాలుగు పైనే. అందుకే తెర మీద సెన్సార్ సర్టిఫికెట్ పడగానే పిల్లోళ్ళమంతా రీళ్ళు ఎన్నో వెతికి చదివేవాళ్ళం. 14 అంటే పర్లేదు. 16 అని పడిందా, ఈలలే. అదే టికెట్టుకు రెండు రీళ్ళు ఎక్కువ కదా! 'దూకుడు' తీసిన బ్యానర్ పేరు 14 రీల్స్, గుర్తుందా? ఆ రీళ్ళు ఇవే, ఇన్‌స్టా రీల్స్ కాదు.

మా సెలవుల టైంటేబుల్ రాసింది కూడా ఆ ఫిల్మే. ఒక్కో ప్రింటు తీయడానికి బోలెడు ఖర్చు, అందుకని లెక్కగా తీసేవాళ్ళు. ముందు తిరుపతి, చిత్తూరు లాంటి టౌన్లలో ఆడాలి. అక్కడ జనం పల్చబడినాక పెట్టెలు మా లాంటి సి సెంటర్లకు వస్తాయి. 'పోకిరి' 2006 ఏప్రిల్ 28న రిలీజైంది. అప్పటికి బడికి సెలవులిచ్చి నాలుగు రోజులే. తిరుపతి పోయి చూసొచ్చిన అన్నలు వీధిలో డైలాగులు కొడతా ఉంటే మేం చెవులు మూసుకొని తిరిగినాం. హీరో అసలు ఎవరో ముందే చెప్పేసినోడితో బడి తెరిచేదాకా మాట్లాడలేదు నేను. స్పాయిలర్ అనే మాట తెలీదు గానీ, ఆ బాధ బాగా తెలుసు.

మే, జూన్ అంటే మా పక్క మామిడికాయల కాలం. దామలచెరువు మండీలకు ట్రాక్టర్లు వరసగా పోతావుంటాయి. కాయ అమ్మి డబ్బులు చేతికొచ్చిన రోజు సినిమా మాట ఎత్తితే ఇంట్లో కాదనేవాళ్ళు కాదు. అదే రోజుల్లో మైకు కట్టిన ఆటో వచ్చి "నేటి నుండి" అని అరిచిందంటే, ఇంక ఆ సాయంత్రం ఇంట్లో కుక్కర్ నాలుగ్గంటలకే పెట్టేసేవాళ్ళు.

ఫస్ట్ షోకి మా గుంపు బయలుదేరేది. అమ్మ, అత్త, పక్కింటి అక్క, అవ్వ, వెనక మేం అయిదారుగురు. అవ్వ కొంగులో బొరుగులు, ఉడకబెట్టిన చెనక్కాయలు. హాల్లో సోడా మాత్రం కొనాల్సిందే, అది రూలు. మగోళ్ళ క్యూలో చొక్కాలు చినుగుతావుంటే, ఆడోళ్ళ కౌంటర్లో మా అత్త నిమిషంలో పది టికెట్లు తెచ్చేది. బయట ఉన్న అన్నలంతా "అక్కా, మాకూ రెండు" అని బతిమాలేవాళ్ళు. ఆ అయిదు నిమిషాలు మా అత్తే హీరో.

అవ్వది వేలూరు పక్క ఊరు. మా చిత్తూరు పక్క ఇళ్ళల్లో తెలుగు, అరవం రెండూ నడుస్తాయి కదా. 2005 వేసవిలో 'చంద్రముఖి'కి తీసుకుపోతే, "ఇది రజనీ గొంతు కాదురా" అని సినిమా అంతా సణుగుతానే ఉన్నింది. రజనీకాంత్‌కు తెలుగులో ఎక్కువగా గొంతిచ్చింది సింగర్ మనో. ఆ సంగతి నాకు తెలిసేసరికి చెప్పడానికి అవ్వ లేదు.

ఆ హాళ్ళు గొప్పగా ఉండేవని నేను చెప్పను. ఫ్యాన్ గాలి తగలదు, బీడీ పొగ, నల్లులు. ఆడోళ్ళ బాత్రూం గురించి అడగొద్దు. అయినా మా అమ్మకు ఏడాదిలో నిజమైన సెలవు అంటే ఆ మూడు గంటలే. మాకు నెలన్నర సెలవులంటే ఆమెకు నెలన్నర ఎక్కువ వంట. హాల్లో మాత్రం ఎవురూ ఆమెను పిలవరు. నీళ్ళు కావాలా, పోయి తాగిరా, అంతే. కళ్ళు తెర మీదనుంచి తిప్పేది కాదు.

తర్వాత క్యూబ్, యూఎఫ్ఓ వచ్చినాయి. పెట్టె పోయి డిజిటల్ వచ్చింది. గీతలు లేని బొమ్మ, అదీ రిలీజ్ రోజే, మా లాంటి ఊర్లో కూడా. బీటెక్ చదివినోడిగా నేను దానికి దండం పెడతా. కానీ ఒకటి జరిగింది. సినిమా అన్ని ఊర్లలో ఒకేసారి పడి, వారం పది రోజుల్లో అన్ని ఊర్లలో ఒకేసారి చల్లారింది. అంతకుముందు ఊరు కాసుకొని ఉండేది కాబట్టి లేటుగా వచ్చినా హాలు నిండేది. ఇప్పుడు మొదటి నాలుగు రోజుల కలెక్షన్‌తోనే హాలు బతకాలి. ఆ పైన 2020లో లాక్‌డౌన్. 2021 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో టికెట్ రేట్ల జీవో వచ్చింది, గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాలుకు 5, 10, 15 రూపాయలు. టీ రేటు! 2022 మార్చిలో రేట్లు మార్చినారు గానీ, అప్పటికే జనం ఓటీటీకి అలవాటు పడినారు. చిన్న ఊర్ల హాళ్ళు చాలా వరకు కల్యాణ మండపాలో, గోడౌన్లో అయిపోయినాయి.

కొత్త హాళ్ళు లేవని కాదు. ఇప్పుడు మా జిల్లాలోకే వచ్చిన సూళ్ళూరుపేట దగ్గర 2019లో వి ఎపిక్ తెరిచినారు, తెర వెడల్పే దాదాపు 100 అడుగులు. అదిరిపోయే హాలు. అయితే అది హైవే పక్కన ఉంది, బండి ఉన్నోళ్ళ హాలు. మనకేం, బైకుంది, బుకింగ్ యాప్ ఉంది, యాడికైనా పోతాం. సి సెంటర్ మూతపడితే సినిమా నిజంగా పోయింది మా అమ్మ లాంటోళ్ళకి. పక్కింటామెను పిలుచుకొని చెప్పులేసుకొని పోగలిగిన హాలు అదొక్కటే. నలభై కిలోమీటర్లు తిరుపతికి పోవాలంటే ఒకరు తీసకపోవాలి, రాత్రికి తిరిగి తేవాలి. ఆ మాట అడగడానికి మొహమాటపడి "టీవీలో వస్తుందిలే" అంటారు.

మొన్న అమ్మ ఫోన్లో ఒక సినిమా మూడు రోజులు చూసింది. కుక్కర్ విజిల్‌కి ఒకసారి ఆపింది, నా ఫోన్ కాల్‌కి ఒకసారి, పాలోడికి ఒకసారి. కథ ఏందమ్మా అంటే, ఇంకా అరగంట ఉంది, చూసి చెప్తానంటాది.

సరే, మీ ఊర్లో నడిచిపోయే దూరంలో హాలు ఇంకా ఆడతావుంటే దాని పేరు, టికెట్ ఎంతో చెప్పండి. కెమెరా పట్టుకొని వస్తా, ఈసారి అమ్మను కూడా తీసుకొస్తా. ఉంటాను.