బిర్యానీ పార్సిల్ తిన్నాక ఆ డబ్బా ఎటు పోతుంది?

టేబుల్ మీద కనిపిస్తోంది కదా, నిన్న రాత్రి తెప్పించుకున్న బిర్యానీ పార్సిల్. తినేశాం. ఇక మిగిలింది చూడండి: ఒక ప్లాస్టిక్ డబ్బా, సాలన్, పెరుగు చట్నీ వచ్చిన చిన్న కవర్లు, ఎముకలు, నిమ్మచెక్క, టిష్యూలు, బిల్లు, వీటన్నిటినీ మోసుకొచ్చిన సంచి. మనలో చాలామందిమి ఏం చేస్తాం? అన్నీ ఆ సంచిలోనే కుక్కి, గట్టిగా ముడేసి తలుపు బయట పెట్టేస్తాం.

ఆ ముడి దగ్గరే ఉంది గొడవంతా.

డబ్బా అడుగున చూడండి, ముక్కోణంలో 5 అని అంకె ఉంది. అంటే పాలీప్రొపిలీన్. మళ్లీ కరిగించి వాడుకోగల సరుకు. అదే డబ్బా సాలన్ పూసుకుని, ఎముకలతో కలిసి రాత్రంతా ముడిలో ఉంటే ఎవరూ ముట్టుకోరు. సబ్బుతో తోమక్కర్లేదండీ, గిన్నెలు కడిగిన నీళ్లతో ఒకసారి తొలిపి బోర్లిస్తే చాలు.

మన హైదరాబాద్‌లో పొద్దున్నే స్వచ్ఛ ఆటో వస్తుంది కదా. చాలా ఆటోల్లో భార్యాభర్తలే పని చేస్తారు. ఎప్పుడైనా ఆ ఆటో వెనకాల ఒక్క నిమిషం నిలబడి చూడండి. ముళ్లు చేత్తోనే విప్పుతారు. ఇళ్లవాళ్లు నెలనెలా ఇచ్చే డబ్బులు, ఏరిన పొడి చెత్త అమ్మితే వచ్చే డబ్బులు, అవే వాళ్ల ఆదాయం. మనం తడిపి పాడుచేసిన ప్రతి అట్టపెట్టె వాళ్ల జేబుకి చిల్లు. ఆ ముడిలో పగిలిన గాజు గ్లాసో, షేవింగ్ బ్లేడో ఉంటే తెగేది వాళ్ల వేలు. అందుకే గాజు పెంకులు మందపాటి కాగితంలో చుట్టి, పైన 'గాజు' అని రాసి చేతికే ఇవ్వండి. ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి, ఎర్ర పెన్నుతో చుక్క పెట్టి విడిగా ఇవ్వండి. ఇది ఇంట్లో ఆడవాళ్ల పని అనుకునే అబ్బాయిలూ, డైపర్ మార్చాక చుట్టే పని మీదే.

ఏరగా మిగిలింది చివరికి జవహర్‌నగర్ చేరుతుంది. అన్నం, కూరలు గాలి ఆడకుండా కుప్పలో కుళ్లితే మీథేన్ పుడుతుంది, నల్లటి రసం కారుతుంది. ఆ వాసన ఎలా ఉంటుందో చుట్టుపక్కల కాలనీలవాళ్లని అడగండి, చెప్తారు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా విడదీసి ఇవ్వాలని చెప్పారు.

ఇప్పుడు మీ డౌట్లు. పాల ప్యాకెట్: మూల పూర్తిగా కత్తిరించకండి, ఆ చిన్న ముక్క ఎవరి చేతికీ దొరకదు. వేలాడేలా వదిలేసి, కడిగి, ఆరబెట్టి పోగేయండి. చిప్స్ ప్యాకెట్ పొరలు పొరలుగా ఉంటుంది, రీసైకిల్ చేయడం కష్టం. అయినా పొడి చెత్తలోనే. జ్యూస్ డబ్బాలో కాగితం, ప్లాస్టిక్, అల్యూమినియం మూడూ ఉంటాయి. నొక్కి పొడిలో వేయండి. బిల్లు థర్మల్ కాగితం, పాత పేపర్లలో కలపొద్దు. ఇక పెళ్లిళ్లలో, బట్టల షాపుల్లో ఇచ్చే మెత్తటి సంచి ఉందే, గుడ్డలా కనిపిస్తుంది గానీ చాలావరకు అదీ పాలీప్రొపిలీనే!

నన్నడిగితే, విడదీయడం కన్నా అసలు తెచ్చుకోకపోవడం సులువు. కర్రీ పాయింట్‌కి స్టీల్ డబ్బా పట్టుకెళ్లండి. పొగలు కక్కే సాంబారు పల్చటి కవర్లో పోయించుకోవడం కన్నా నయం కదా. మొదటి రోజు ఆ అన్న వింతగా చూస్తాడు. నాకైతే నాలుగో రోజు నుంచి ఒక గరిటె ఎక్కువే పడుతోంది.

బాల్కనీ ఉంటే, పాత పెయింట్ బకెట్‌కి చుట్టూ చిల్లులు పెట్టండి. కూరగాయ తొక్కు ఒక పొర, ఎండుటాకులు ఒక పొర, మధ్యలో కాస్త పుల్ల మజ్జిగ. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని. ఇంకాసిని ఎండుటాకులు వేసి కలపండి. రెండు నెలలు అటూఇటూ ఎరువైపోతుంది. ఎముకలు మాత్రం అందులో వేయకండి, ఎలకలు వస్తాయి. వాటిని తడి చెత్తతో ఆటోకే ఇచ్చేయండి.

మీ ఇంట్లో ఏ వస్తువు ఎందులో వేయాలో తేలకపోతే ఫోటో తీసి పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటా మరి, డబ్బా కడగాలి.