పొరుగింటి నవ్వు: దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్య
(ప్రసంగ పాఠం)



బిలాస్‌పూర్ జిల్లాలోని ఈ బిల్హా పట్టణం హౌరా–ముంబయి రైలు మార్గంపై ఉన్నది. మార్గానికి ఒక కొసన కలకత్తా, మరొక కొసన బొంబాయి. బెంగాల్–నాగపూర్ రైల్వే కాలం నుండి ఉద్యోగాలకై తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో స్థిరపడి, ఛత్తీస్‌గఢీ, హిందీ, బెంగాలీ మాటల నడుమ తమ భాషను నిలుపుకొన్నాయి. తెలుగు చలనచిత్రం కూడా ఇట్లే పరాయి ఊళ్లలో కళ్లు తెరిచింది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలయింది. దానిని బొంబాయిలో నిర్మించారు. మరుసటి ఏడు ‘సతీ సావిత్రి’ కలకత్తాలో రూపొందింది. దాని దర్శకుడు కాకినాడకు చెందిన చిత్తజల్లు పుల్లయ్య. తెలుగు తెరపై నవ్వుకు గౌరవస్థానం కల్పించిన తొలితరం దర్శకులలో ఆయన ఒకరు. ఆ నవ్వు ఏ ఇంటి నుండి ఏ ఇంటికి వెళ్లిందో తెలుసుకొనుట నేటి యువతరానికి ఉపయోగకరం.

పుల్లయ్య 1898లో జన్మించారు. మూకీల కాలంలో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో సాగించిన కృషి ఆయనకు తొలి పాఠశాల అయింది. 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’ నిర్మాణంలో ఆయన పాలుపంచుకొన్నారు. అనంతరం కాకినాడలోనే ‘మార్కండేయ’ మూకీని తీశారు. మాట వచ్చిన తరువాత తెలుగునాట శబ్దగ్రహణానికి తగిన స్టూడియో లేనందున, ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షాన కలకత్తాలో ‘సతీ సావిత్రి’, 1934లో ‘లవకుశ’ తీశారు. కెమెరా వద్ద, శబ్దయంత్రం వద్ద ఉన్నవారి భాష వేరు, నటీనటుల భాష వేరు. అయినా బొమ్మ తెలుగువారిదే అయింది, ఊరూరా ఆదరణ పొందింది. 1936లో పిల్లలను ప్రధాన పాత్రలలో నిలిపి ‘సతీ అనసూయ’ తీశారు. తరువాత నిర్మాతగానూ పేరు గడించిన కృష్ణవేణి బాలనటిగా తొలిసారి తెరపై కనిపించినది ఆ చిత్రంలోనే.

పుల్లయ్య నవ్వు ఎవరిపై గురిపెట్టినదో 1939 నాటి ‘వరవిక్రయం’ చెబుతుంది. కాళ్లకూరి నారాయణరావు నాటకం ఆధారంగా తీసిన ఈ చిత్రంలో బలిజేపల్లి లక్ష్మీకాంతం ధరించిన సింగరాజు లింగరాజు పాత్రను చూసి జనం విరగబడి నవ్వారు. ఆ పిసినారి వరకట్నాన్ని వ్యాపారంగా మార్చినవాడు. భానుమతి తన తొలి చిత్రంలోనే ధరించిన కాళింది ఆ వ్యాపారానికి బలియై ప్రాణం తీసుకొంటుంది. అంతవరకు నవ్విన ప్రేక్షకుడు అక్కడ ఉలిక్కిపడతాడు. తాను నవ్వినది ఎవరో పరాయివాడిని చూసి కాదనీ, తన వీధిలోని ఆచారాన్ని చూసేననీ గ్రహిస్తాడు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. అంతకు ఇరవై రెండేళ్ల ముందే సామాన్య ప్రేక్షకుని ఎదుట ఈ విచారణ జరిగింది.

‘పొరుగింటి పుల్లకూర రుచి’ అని మన సామెత. పుల్లయ్య దానిని హాస్యానికి అన్వయించారు. అరుణ్ చౌధురి బెంగాలీ కథ ఆధారంగా 1952లో ‘పాశేర్ బాడి’ అనే చిత్రం వచ్చింది. ఆ మాటకు ‘పక్కిల్లు’ అని అర్థం. మరుసటి ఏడే పుల్లయ్య దానిని ‘పక్కింటి అమ్మాయి’గా తెలుగులోకి తెచ్చారు. పొరుగింటి యువతికి సంగీతమంటే ప్రాణం. ఆమెను ప్రేమించిన అమాయకునికి పాట రాదు. మిత్రుడు చాటున పాడుతుండగా అతడు పెదవులు కదుపుతాడు. ఆ అమాయకునిగా రేలంగి వెంకట్రామయ్య, పాడే మిత్రునిగా గాయకుడు ఏ.ఎం. రాజా, కథానాయికగా అంజలీదేవి నటించారు. రేలంగి అంతకు ముందు ఏళ్ల తరబడి పుల్లయ్య వద్ద తెర వెనుక పనులు చేస్తూ చిన్న వేషాలు వేసినవారు. హాస్యనటుడు కథానాయకుడు కాగలడని గురువు నమ్మారు. ఆ శిష్యునికి 1970లో పద్మశ్రీ లభించింది.

ఆ కథ అక్కడితో ఆగలేదు. 1960లో తమిళంలో ‘అడుత్త వీట్టు పెణ్’గా, 1968లో హిందీలో ‘పడోసన్’గా వచ్చింది. ఇన్ని భాషలు దాటినా ప్రాణం చెడకపోవడానికి కారణం, రానిది వచ్చినట్లు నటించే మనిషి బలహీనత అన్ని ఊళ్లలోనూ ఒకటే కావడం. అయితే హిందీ రూపంలో దక్షిణాది సంగీత గురువు ఉచ్చారణ కూడా ఒక ప్రధాన హాస్యవస్తువు అయింది. మెహమూద్ నటనా ప్రతిభ కాదనలేనిది. కానీ పలుకుబడిని వెక్కిరించే నవ్వు భాష సరిహద్దు వద్దనే ఆగిపోతుంది. ఎవరి పలుకును వెక్కిరించారో వారు అందులో పాలు పంచుకోలేరు. పరభాషా ప్రాంతంలో పెరిగే తెలుగు పిల్లలకు ఈ భేదం వివరించి చెప్పనక్కరలేదు.

1960లో పుల్లయ్య తీసిన ‘దేవాంతకుడు’కు కూడా బెంగాలీ మూలమే: 1958 నాటి ‘జమాలయే జీబంత మానుష్’. అనగా యమాలయంలో సజీవ మానవుడు. బతికుండగానే యమలోకం చేరిన యువకునిగా ఎన్.టి. రామారావు, యమునిగా ఎస్.వి. రంగారావు నటించారు. ‘సతీ సావిత్రి’లో వేమూరి గగ్గయ్య యమునిగా గర్జించగా జనం భయభక్తులతో చూశారు. ఇరవై ఏడేళ్ల తరువాత అదే దర్శకుడు యమధర్మరాజును చిక్కులలో పడిన అధికారిగా చూపించారు. ప్రేక్షకులు కోపించలేదు, కడుపుబ్బ నవ్వారు. 1977 నాటి ‘యమగోల’కు దారి అక్కడే పడింది.

రంగుల ‘లవకుశ’ను పుల్లయ్య ప్రారంభించారు. ధనాభావం వల్ల నిర్మాణం ఏళ్ల తరబడి నిలిచిపోయింది. తిరిగి మొదలయ్యేనాటికి ఆయన ఆరోగ్యం సహకరించలేదు. కుమారుడు సి.ఎస్. రావు దానిని పూర్తి చేశారు. 1963లో విడుదలైన ఆ చిత్రానికి తండ్రీకొడుకులిద్దరి పేర్లూ నిలిచాయి. అటుపిమ్మట 1966లో ‘పరమానందయ్య శిష్యుల కథ’తో ఆయన మళ్లీ నవ్వుల బాటే పట్టారు. 1967లో కన్నుమూశారు.

కాకినాడ మనిషి కలకత్తాలో తెలుగు బొమ్మ తీశాడు. బెంగాలీ ఇంటి నవ్వును తెలుగింటికి తెచ్చాడు. అదే నవ్వు తరువాత తమిళులకూ హిందీ ప్రేక్షకులకూ పరిచయమయింది. జాతీయ సమైక్యత అనగా అందరూ ఒకే భాష మాట్లాడుట కాదు. పక్కింటివాడు నవ్వినప్పుడు ఎందుకు నవ్వాడో తెలుసుకొని, తానూ కలిసి నవ్వగలుగుట. ఎవరినీ చిన్నబుచ్చని ఆ నవ్వును పెంచుకొనుటయే పుల్లయ్య స్మృతికి తగిన నివాళి.