కంచు నాణెం చెప్పే సంగతులు



బంగారు గనుల ఊరిలో కంచు నాణెం గురించి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. బంగారం ఎక్కడికి పోయినా బంగారమే. తూకమే దాని విలువ. కంచు నాణెం అలా కాదు. దానిపై ముద్ర వేసిన ప్రభువును జనం నమ్మినంత కాలమే అది చెల్లుతుంది.

క్రీ.శ. 348 ప్రాంతంలో రోమన్ చక్రవర్తి రెండవ కాన్‌స్టాంటియస్, ఆయన తమ్ముడు కాన్‌స్టాన్స్ కొత్త కంచు నాణేలను వెలువరించారు. వాటిలో ఒక రకంపై ఒకవైపు చక్రవర్తి శిరస్సు. రెండోవైపు, గుర్రంపై నుంచి కూలుతున్న శత్రువును ఈటెతో పొడుస్తున్న సైనికుడు. చుట్టూ లాటిన్ అక్షరాలు. మంచి కాలం మళ్లీ వచ్చిందని వాటి భావం. మొదట నాలుగైదు గ్రాములు తూగిన నాణెం పదేళ్లు తిరగకముందే దాదాపు సగమైంది. అందులో కలిపిన కొద్దిపాటి వెండి కూడా హరించుకుపోయింది. మంచి కాలం అక్షరాల్లో మాత్రం మిగిలింది!

ఇంచుమించు ఆ రోజుల్లోనే పశ్చిమ గంగరాజులు కువలాలపురం, అనగా నేటి కోలారు, రాజధానిగా పాలన ఆరంభించారు. రోమన్ ధనం ఈ సీమకు అంతకుముందే పరిచితం. 1891లో బెంగుళూరు చెంత యశ్వంతపురంలో 163 వెండి నాణేలు బయటపడ్డాయి. అవి అగస్టస్ మొదలైన తొలి చక్రవర్తులవి. తరువాతి కాలపు కంచు నాణేలు విరివిగా దొరికింది తమిళ దేశంలోని కరూరు, మధుర ప్రాంతాల్లోనూ, సింహళంలోనూ. సింహళంలో అయితే వాటిని చూసి స్థానికులే నకళ్లు తయారు చేసుకున్నారు. రోమాపురి ఏ దిక్కున ఉందో ఎరుగని వారు సైతం చిల్లరకు ఆ ముద్రనే నమ్మారన్నమాట.

1880లో గనులు చేపట్టిన జాన్ టేలర్ కంపెనీ పూర్వులు తవ్విన గుంతల జాడలనే అనుసరించింది. ఆ తవ్వకాల్లో ప్రాచీనుల ఆనవాళ్లు చాలావరకు చెదిరిపోయాయి. 2001 ఫిబ్రవరి 28న గనులే మూతపడ్డాయి. కనుక పొలం దున్నేటప్పుడో, పునాది తీసేటప్పుడో దొరికే పచ్చబారిన బిళ్లకు ఈ జిల్లాలో ఎంతో విలువ ఉంది. దాన్ని చింతపండుతో తోమరాదు. ఇత్తడి బిందెకు చింతపండు మేలే, పాత కంచుకు అది శత్రువు. చిలుముతోపాటు అక్షరాలూ పోతాయి. కంసాలి మూసకు చేరితే ఇక చెప్పనక్కరలేదు. నిక్షేపం దొరికితే ప్రభుత్వాధికారులకు తెలియజేయాలని చట్టం ఆదేశిస్తోంది. కాగితంలో చుట్టి, దొరికిన చోటు, లోతు, తేదీ రాసి అప్పగిస్తే చాలు.