మర బిరడాలు - నూనె కారుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ వేదికపై ప్రబంధములను వదలి మోటారు బండి బిరడాను గూర్చి మాట్లాడుట ఏమని కొందరు నవ్వుకొనవచ్చును. 2022లో మనకు జిల్లా పేరు మారినది గాని మెట్ట మారలేదు. మిర్చియు, ప్రత్తియు బండ్లపైననే పోవలెను. నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా పోవు హైదరాబాదు రహదారిపై బండి ఆగినచో కావ్యము ఆదుకొనదు.

లెక్కలు వ్రాయువాడను గనుక ముందు లెక్క చెప్పెదను. పది సెకండ్లకు ఒక బొట్టు కారినచో దినమునకు 8,640 బొట్లు. ఇరువది బొట్లు ఒక మిల్లీలీటరనుకొన్నను, రమారమి 430 మిల్లీలీటర్లు. చిన్నకారు ఇంజనులో ఉండునది మూడు, నాలుగు లీటర్లు. తొమ్మిది దినములలో ఛాంబరు ఎండును, బేరింగులు పట్టివేయును.

బొట్టు కనబడగానే పానా తీసి బిరడాను బిగించుట మనవారి అలవాటు. మరచుట్లే నూనెను ఆపుచున్నవని భ్రమ. ఎంత చక్కగా కోసిన మరలోనైనను చుట్టునకు చుట్టునకు నడుమ వెండ్రుకవాసి సందు మిగులును. అది మెట్లదారివలె తిరుగుచు వెలికి వచ్చును. నూనెయు ఆ దారినే వచ్చును. మర పట్టియుంచును, అంతే. ఆపునది బిరడా తల క్రింది వాషరు. అందుచేత ఇట్టి బిరడాకు టేపు చుట్టుట వృథా, వాషరు మార్చవలెను. రాగి వాషరు ఒకసారి నలిగినచో గట్టిపడును. దానిని ఎర్రగా కాల్చి నీట ముంచినచో ఉక్కువలె బిరుసెక్కదు, మెత్తబడును. ఈ మర్మము కంసాలులకు కొత్త కాదు. అల్యూమినియం వాషరును మాత్రము పారవేసి కొత్తది వేయవలెను.

రెండవ జాతి బిరడా వాషరు లేనిది. కొనవైపు సన్నగిలుచు పోవును. 16 మిల్లీమీటర్ల పొడవున వ్యాసము ఒక మిల్లీమీటరు తగ్గును. ఇది మేకువలె దిగి బిగియును. సందు పూడ్చుటకు దీనికి లేపనము గాని టెఫ్లాన్ టేపు గాని కావలెను. టేపును బిగించు దిక్కుననే చుట్టి, కొన చుట్టును విడువవలెను. లేనిచో పీలికలు నూనెదారిలో పడును. బ్రేకు గొట్టముల జోలికి టేపుతో పోరాదు. అక్కడ లోహము లోహముపై కూర్చుండి ఆపును. ఒక్క పీలిక అడ్డుపడినను ప్రాణములతో చెలగాటము.

వేరొక చిక్కు కలదు. 1841లో విట్‌వర్త్ అను ఆంగ్ల యంత్రజ్ఞుడు మర కోణము 55 డిగ్రీలని నిర్ణయించెను. నేటి మెట్రిక్ మరలు 60 డిగ్రీలవి. ఒకదానిలో ఒకటి రెండు చుట్లు ఎక్కినట్లే ఎక్కి మొరాయించును. అప్పుడు పానాకు గొట్టము తొడిగి లాగు వీరులు కలరు! ఉక్కు బిరడాకు ఏమియు కాదు. అల్యూమినియం ఛాంబరు మర తెగును. తెగిన మరను పెద్దగా కోసి హెలికాయిల్ అను తీగచుట్టను దింపవచ్చును గాని, పది రూపాయల వాషరుతో పోవు పని వేలకు పెరుగును. పెక్కు చిన్నకార్ల ఇంజను బిరడాకు 30-40 న్యూటన్ మీటర్ల బిగింపు చాలును; అనగా జానెడు పానా చివర 15-20 కిలోలు వ్రేలాడదీసినంత లాగు.

ఇంతకును బిరడాయే కారుచున్నదా? పైనుండి దిగిన నూనె బిరడా కొనను బొట్టు కట్టును. పరుగులో గాలికి వెనుకకు ప్రాకును. అడుగును కిరోసినుతో తుడిచి ఆరబెట్టి, సుద్దపొడి చల్లి, కొంతసేపు ఇంజను నడిపి చూడుడు. అన్నింటికన్న పైన తడిసిన చోటే దోషి. గాలి వదలు గొట్టము పూడుకొన్నను లోని ఒత్తిడి నూనెను వెలికి నెట్టును.

గేరుబాక్సు నూనె మార్చునపుడు ముందుగా పై బిరడాను, అనగా నూనె పోయుదానిని, విప్పి చూచుకొనవలెను. క్రిందిది ముందు విప్పి, ఉన్న నూనె నేలపాలైన పిదప పైది కదలకున్నచో బండిని మెకానిక్ వద్దకు నడపుటకైనను వీలుండదు.

ఏ బండికి ఏ బిరడా, ఎంత బిగింపు అనునది పెక్కు బండ్ల మరమ్మతు పుస్తకములలో ఉండును; అవి మన యిండ్లలో మడత విప్పకయే పడియున్నవి. వాటికి నకళ్లు తీయించి బీరువాలో ఒక అరను కేటాయింపుమని కార్యదర్శిగారిని కోరుచున్నాను. మొదటి నకలు నేనే తెచ్చితిని, బల్లపై ఉన్నది.