లెక్క చెప్పవలసిన వారెవరు?
(తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కూడిన సభలో గావింపబడిన యుపన్యాస పాఠము)



సర్కారు బడి ప్రజల సొమ్ముతో నడచుచున్నది. ప్రజల సొమ్ము ఖర్చుచేయు ప్రతివాడును ప్రజలకు లెక్క చెప్పవలసినదే. వంతెన కట్టించిన యింజనీరు వంతెనను జూపవలెను; చెరువు త్రవ్వించినవాడు నీళ్లను జూపవలెను. బడి నడపువారు చూపవలసినది పిల్లల చదువు. ఇంతవరకు వివాదము లేదు. కాని ఆ చదువును కొలుచుట యెట్లు? అది కొరతగా గనబడినప్పుడు తప్పు ఎవరిపై మోపవలెను? తప్పు తేలిన పిమ్మట చేయవలసిన దేమి? వివాదమంతయు ఈ మూడు ప్రశ్నలలోనే యున్నది.

ఇవి క్రొత్త ప్రశ్నలు కావు. 1862వ సంవత్సరమున ఇంగ్లండులో రాబర్టు లో అను ప్రభుత్వ సచివుడొక పద్ధతిని ప్రవేశపెట్టెను. ఏడాదికొకమారు ఇన్స్పెక్టరు బడికి వచ్చి, చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూడింటిలో ఒక్కొక్క పిల్లవానిని పరీక్షించును. పిల్లవాడు తప్పిన కొలది బడికి రావలసిన గ్రాంటు తగ్గును. ఫలితమేమి? ఉపాధ్యాయులు చదువు చెప్పుట మాని పరీక్షకు తర్ఫీదు చేయసాగిరి. పిల్లలు వాచకమును కంఠస్థము చేసి, పుస్తకము వంక చూచుచు ఒప్పజెప్పిరి. కవియు, స్వయముగా పాఠశాలల ఇన్స్పెక్టరును అయిన మాథ్యూ ఆర్నాల్డు దీనిని గట్టిగా ఖండించెను. ఆ శతాబ్ది ముగియునాటికి ఇంగ్లండు ఆ పద్ధతిని విడిచిపెట్టెను. మన మద్రాసు రాజధానిలోను రిజల్ట్సు గ్రాంటు అను పేర ఇదే పద్ధతి కొంతకాలము నడచినది. మన తాతముత్తాతల వీధిబడి పంతుళ్లు ఆ గ్రాంటుకై ఎదురుచూచినవారే.

ఇట్లు మూలబడిన పద్ధతి మరియొక రూపమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో లేచినది. ఆ దేశమున విద్య రాష్ట్రముల యధికారములోనిది. కేంద్రప్రభుత్వము 1965వ సంవత్సరపు శాసనము మూలమున బీదపిల్లలు చదువు బడులకు ధనసహాయము చేయుచు, ఆ ధనమును పట్టుకొని రాష్ట్రములకు షరతులు విధించుచు వచ్చినది. 2002 జనవరిలో అధ్యక్షుడు జార్జి బుష్ సంతకము చేసిన శాసనము ఆ షరతులను మిక్కిలి బిగించెను. ఏ బిడ్డయు వెనుకబడరాదని దానికి పేరు. మూడవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఏటేట చదువుటలోను గణితములోను పరీక్షలు జరుపవలెను. 2014 నాటికి నూటికి నూరుగురు పిల్లలును నిర్ణీతస్థాయి నందుకొనవలెను. వరుసగా రెండేండ్లు గురి తప్పిన బడినుండి పిల్లలు వేరొక బడికి పోవచ్చును. ఆపైన తప్పినకొలది శిక్ష పెరుగును. తుదకు ఉపాధ్యాయవర్గమునే మార్చి బడిని క్రొత్తగా గట్టవలసి వచ్చును.

ఈ శాసనమందలి మంచిని మొదట చెప్పవలెను. అంతకుముందు ఒక బడి సగటు బాగుగానున్నచో ఆ సగటు చాటున నల్లజాతి పిల్లలు, బీదపిల్లలు, వికలాంగులు, ఇంగ్లీషు మాతృభాష గాని పిల్లలు ఎంత వెనుకబడినను అడుగువాడు లేడు. ఒక్కొక్క వర్గపు ఫలితమును వేరువేరుగా ప్రకటింపవలెనని ఈ శాసనము నిర్బంధించినది. దాచిన లెక్క బయటపడినది. ఇది చిన్న మేలు కాదు.

ఇక చెడుగు. నిర్ణీతస్థాయి యనగా నేమో నిర్ణయించు అధికారము రాష్ట్రములకే విడువబడినది. గురి అందనిచో శిక్ష తప్పదు; గురిని క్రిందికి దించుకొన్నచో శిక్ష లేదు. కొన్ని రాష్ట్రములు అట్లే దించుకొన్నవి. పరీక్షలేని చరిత్రకు, చిత్రలేఖనమునకు, సంగీతమునకు అనేక బడులలో వేళ తగ్గినది. అంతకంటె ఘోరము అట్లాంటా నగరమున జరిగినది. 2009వ సంవత్సరపు పరీక్షాపత్రములలో పిల్లల తప్పు జవాబులను చెరిపి ఒప్పు జవాబులను దిద్దినట్లు జార్జియా రాష్ట్ర విచారణాధికారులు 2011లో తేల్చిరి. వారు పరిశీలించిన 56 బడులలో 44 బడుల యందు ఈ మోసము కనబడినది; 178 మంది ఉపాధ్యాయులకును ప్రధానోపాధ్యాయులకును ఇందు పాలు గలదని వారు నివేదించిరి. 2015లో పదునొకండుగురిని, ముఠానేరములకై యుద్దేశింపబడిన చట్టము క్రిందనే, జ్యూరీ దోషులనెను.

ఆ దిద్దుబాటువలన నిజముగా నష్టపోయిన దెవరు? చదువురాని బిడ్డ. చదువు వచ్చినట్లు కాగితముపై వ్రాసినందున వానికి రావలసిన యదనపు సహాయము రాకపోయెను. శిక్షకు వెరచి సాక్ష్యమును దిద్దినపుడు అన్యాయమయ్యెడివాడు ఎల్లప్పుడును నోరులేనివాడే. కోర్టులలో దినదినము మేము చూచునది ఇదియే. పరీక్ష సాక్షి వంటిది. సాక్షిని పిలువకుండ విచారణ సాగదు. అట్లని సాక్షినే న్యాయాధిపతి పీఠముపై కూర్చుండబెట్టినచో విచారణయే యుండదు.

ఈ అనుభవము పిమ్మట 2015 డిసెంబరులో అధ్యక్షుడు ఒబామా క్రొత్త శాసనముపై సంతకము చేసెను. పరీక్షలు నిలిచినవి, వర్గములవారీ లెక్కయు నిలిచినది. అయితే బడిని తూచు తూనికరాళ్లు పెరిగినవి. పరీక్షలోని స్థాయి, చదువు ముగించి పట్టము పొందినవారి సంఖ్య, ఇంగ్లీషు రాని పిల్లలు దానిని నేర్చిన తీరు, వీనితోపాటు రాష్ట్రము తానెన్నుకొన్న మరియొక కొలత చేర్పవలెను. తరచుగా బడి మానువారి సంఖ్యను పెక్కు రాష్ట్రము లెన్నుకొన్నవి. సహాయము పొందు బడులలో మిక్కిలి వెనుకబడిన నూటికి 5 బడులను గుర్తించి, వానికి ప్రత్యేకముగా తోడ్పడవలెనని విధించిరి. ఏటికేడాది ఎంత పైకెక్కెనో చూచు కొలతను గూడ రాష్ట్రములు విరివిగా వాడుచున్నవి. అక్షరము రాక వచ్చిన బిడ్డ ఏడాదిలో వాక్యము చదివినచో అది గొప్ప పని. ఏకస్థాయి పరీక్ష దానిని తప్పినవాని పద్దులోనే వ్రాయును.

న్యాయవాదిగా నా మనస్సు నాకర్షించిన విషయము వేరొకటి గలదు. 1973లో టెక్సాసు రాష్ట్రపు బీద తల్లిదండ్రులు, తమ బడులకును ధనికుల బడులకును ఖర్చులో ఇంత భేదమేమని అడుగగా, అమెరికా అత్యున్నత న్యాయస్థానము ఐదుగురు నలుగురుగా చీలి, విద్య తమ కేంద్ర రాజ్యాంగము క్రింద మౌలికహక్కు కాదనెను. అయితే 1989లో కెంటకీ రాష్ట్రపు సుప్రీంకోర్టు, రాష్ట్ర రాజ్యాంగమును ఆధారముగా గొని, ఆ రాష్ట్రమందలి ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థ సమస్తమును రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పినది. తగిన విద్య నిచ్చు బాధ్యత శాసనసభ దేనని నిర్ణయించినది. మరుసటియేడు ఆ శాసనసభ బీదబడులకు ధనము పెంచి, ఆపైన ఫలితము నడిగెను. క్రమమిది. మొదట ప్రభుత్వము తన లెక్క చెప్పినది. పిమ్మట బడిని లెక్క యడిగినది.

ఈ కొలబద్దతో ఇక మన యింటిని జూతము. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో భారత సుప్రీంకోర్టు పదునాలుగేండ్ల వరకు ఉచితవిద్య బిడ్డల హక్కనెను. ఆ కేసున ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో ఆ హక్కు 21ఎ అధికరణముగా రాజ్యాంగమున కెక్కినది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఎనిమిదవ తరగతి ముగియువరకు బిడ్డను తరగతిలో ఆపరాదని ఆ చట్టము మొదట శాసించెను. 2019లో దానిని సవరించి, ఐదవ తరగతిలోను ఎనిమిదవ తరగతిలోను పరీక్ష పెట్టి, మరల ఒక అవకాశమిచ్చి, అప్పటికిని తప్పినవారిని ఆపుటకు ప్రభుత్వములకు వీలు కల్పించిరి. సోదరులారా, ఆలోచింపుడు. అమెరికాలో బడి తప్పినచో బడిని శిక్షించిరి. అది మితిమీరినదని దిద్దుకొనిరి. ఇచట బడి తప్పినచో బిడ్డ నాపుదురు! పంతులు లేని తరగతిలో కూర్చున్న పదియేండ్ల బిడ్డ లెక్క చెప్పవలయునా?

లెక్క అడుగుటయే తప్పని నేననను. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ సర్కారు బడులలో 2005వ సంవత్సరమున నారంభమైన యొక పరిశోధన, పిల్లల అభివృద్ధిని బట్టి పంతుళ్లకు స్వల్పమైన పారితోషికమిచ్చి చూచినది. రెండేండ్లకు ఆ బడుల పిల్లలు గణితములోను భాషలోను తక్కినవారిని మించిరి. పారితోషికముతో సంబంధములేని పాఠములలో గూడ మేలుగానే యుండిరి. అచట పరీక్ష జరిపినవారు బయటివారు, చూచినది అభివృద్ధి, ఉన్నది ప్రోత్సాహమే గాని శిక్ష కాదు. అడుగు విధముననే ఫలితమున్నది.

కావున లెక్క అడుగుదము. అయితే మొదలు నుండి యడుగుదము. చట్టము ప్రభుత్వముపై పెట్టిన విధు లేవి? 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు 2 ఉపాధ్యాయులుండవలెను. మంజూరైన ఉద్యోగములలో నూటికి 10కి మించి ఖాళీలుండరాదు. జనాభాలెక్కలు, ఉపద్రవములు, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధింపని మరి యే పనికిని పంతుళ్లను పంపరాదు. ఈ లెక్క ప్రభుత్వము చెప్పవలెను. ప్రతి బిడ్డ గ్రహణశక్తిని కనుగొని, కావలసినవానికి అదనముగా బోధించి, తల్లిదండ్రులను పిలిచి వారికి దెలుపుట ఉపాధ్యాయుని విధి. ఈ లెక్క ఉపాధ్యాయుడు చెప్పవలెను. పాఠశాల యాజమాన్య సంఘములో నూటికి 75 మంది తల్లిదండ్రులుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలుండవలెననియు చట్టమున్నది. ఆ సంఘము సమావేశమునకు పోక, వచ్చిన కాగితముపై వ్రేలిముద్ర వేసి వచ్చినచో, ఆ లెక్క మనము చెప్పవలెను.

అడిగినను జవాబు రానిచో 32వ విభాగమున్నది. స్థానికాధికారికి వ్రాతమూలముగా ఫిర్యాదీయవచ్చును; అతడు మూడు నెలలలో నిర్ణయింపవలెను; తృప్తిలేనిచో రాష్ట్ర బాలల హక్కుల సంఘమునకు అప్పీలు గలదు. దీనికి ప్లీడరు అక్కరలేదు. ఒక కాగితము, ఒక కలము, ధైర్యము గల నలుగురు తల్లులు చాలును.

రేపటి నుండి ఒక పని చేయుడు. మీ బిడ్డను ఎన్ని మార్కులు వచ్చినవని అడుగకుడు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక పుట చదివించి వినుడు. మీకు చదువు రాకున్నను వినవచ్చును, తడబడినచో తెలియును. తడబడినచో వానిని కొట్టకుడు. బడికి పోయి పంతులుగారిని గౌరవముతో అడుగుడు. పంతులుగారు తనకు తోడు మరియొక పంతులు లేడనినచో, ఆయనను నిందింపక, ఆయనతో గలసి ప్రభుత్వము నడుగుడు. తల్లిదండ్రులును ఉపాధ్యాయులును ఒకరి నొకరు దూరుకొనుచున్నంతకాలము అసలు బాకీదారు నిశ్చింతగా నుండును. మీరిరువురు నొక్కటై లెక్క యడిగిననాడు వాడు పద్దుపుస్తకము తెరువక తప్పదు.