గాల్వెస్టన్‌లో ఒక ముసురు రోజు

ఫ్రిస్కోలో నెలనెలా కలుసుకునే మన పెద్దవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



క్రూజ్ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగినప్పుడు ముందే ఒక షరతు పెట్టాను. ఓడకి ఎన్ని అంతస్తులు, బఫేలో ఎన్ని రకాలు, కోజుమెల్‌లో ఏం బేరం ఆడాం, ఇవి మాత్రం చెప్పనన్నాను. ఇక్కడున్న వాళ్ళలో సగం మంది అవన్నీ నాకంటే ముందే చూసొచ్చారు. మిగతా సగం మందికి పిల్లలు ఈపాటికే టిక్కెట్లు కొనేసి ఉంటారు, పుట్టినరోజునాడు చెబుదామని దాచిపెట్టారు, అంతే! కాబట్టి నేను మాట్లాడేది ఓడ ఎక్కని రోజు గురించి.

ఫిబ్రవరిలో వెళ్ళాం. మా ఆవిడ, నేను, అబ్బాయి, కోడలు, పదకొండేళ్ళ మనవరాలు, ఏడేళ్ళ మనవడు. ఇక్కణ్ణించి ఐ-45 పట్టుకుని దక్షిణంగా అయిదు గంటలు పోతే గాల్వెస్టన్. ముందురోజు రాత్రే చేరి హోటల్లో పడుకున్నాం. తెల్లవారి కిటికీ తీస్తే సముద్రం లేదు! అంతా పొగమంచు. శీతాకాలంలో ఆ రేవుకి ఇది మామూలేనట. వెచ్చటి గాలి చల్లటి నీళ్ళ మీదికి వచ్చి మంచు కమ్మేస్తే, ఓడల్ని దారి చూపించి లోపలికి తెచ్చే పైలట్లు పని ఆపేస్తారు. మా ఓడ బయటెక్కడో నిలబడిపోయింది. ఎక్కడం మర్నాటికి వాయిదా అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. పది గంటలకి మంచు తగ్గి వాన పట్టుకుంది. కుండపోత కాదు, మన కార్తీకమాసం ముసురులాంటిది, రోజంతా వదలదు.

పిల్లలు నీరసపడ్డారు. కారులో పులిహోర డబ్బాలు, ఫ్లాస్కులో కాఫీ ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్ళం అంత నీరసపడలేదు. రెయిన్‌కోట్లు తగిలించుకుని ఊరు చూద్దామని బయల్దేరాం.

స్ట్రాండ్ అని పాత వ్యాపార వీధి ఒకటుంది. నూటపాతికేళ్ళ నాటి ఇటుక భవనాలు, ఇనప స్తంభాల ముఖద్వారాలు, పైన వరండాల్లాగా కప్పు. వానలో కూడా తడవకుండా చాలా దూరం నడవచ్చు. పత్తి ఎగుమతితో ఊరు టెక్సాస్‌లోకెల్లా గొప్పగా బతికిన రోజుల కట్టడాలవి. ఆ వీధి దగ్గరే ఒక గోడనిండా పెద్ద బొమ్మ వేశారు. 1865 జూన్ 19న ఈ ఊళ్ళోనే, టెక్సాస్‌లో బానిసలుగా ఉన్నవాళ్ళకి స్వేచ్ఛ వచ్చిందన్న ఉత్తర్వు ప్రకటించారు. 2021 నుంచి మన పిల్లలకి జూన్‌టీన్త్ సెలవు ఇస్తున్నారే, అది ఇక్కడి సంగతే. మా మనవరాలు బళ్ళో చదువుకుంది గనక తనే మాకు పాఠం చెప్పింది.

వాన హెచ్చింది. రేవు ఒడ్డున ఇరవై ఒకటో నంబరు పియర్ మీద చిన్న థియేటర్ కనిపిస్తే అందులో దూరాం. నిజం చెప్పాలంటే తల ఆరబెట్టుకోవడానికి వెళ్ళాం. 1900 తుపాను మీద ఒక డాక్యుమెంటరీ వేశారు, బతికి బయటపడ్డవాళ్ళ జ్ఞాపకాలతో తీసింది.

1900 సెప్టెంబరు 8, శనివారం. అప్పటి గాల్వెస్టన్ జనాభా 38 వేలకి కాస్త తక్కువ. 2000 జనాభా లెక్కల్లో మన ఫ్రిస్కో సుమారు 34 వేలు, కాబట్టి మీలో పాతకాపులకి అది ఎంత ఊరో తెలుస్తుంది. అదొక సన్నటి ఇసకదిబ్బ ద్వీపం. ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైన చోటు కూడా తొమ్మిది అడుగులు లేదు. ఆ రాత్రి సముద్రం 15 అడుగులు పైకి లేచింది. పోయినవాళ్ళు ఆరువేల నుంచి పన్నెండు వేల దాకా అంటారు, ఎక్కువమంది చెప్పే లెక్క ఎనిమిది వేలు. అమెరికా చరిత్రలో ఇంతమందిని పొట్టన పెట్టుకున్న ప్రకృతి వైపరీత్యం ఇప్పటికీ ఇంకోటి లేదు. ఆ ఊరి వాతావరణ కార్యాలయం పెద్ద ఐజాక్ క్లైన్ 1891లోనే పత్రికలో వ్యాసం రాశాడు, తుపాను ఈ ఊరికి పెద్ద హాని చేస్తుందనుకోవడం ఒట్టి భ్రమ అని. ఆయన భార్య, గర్భిణి, ఆ రాత్రే పోయింది.

ఒడ్డునే ఒక అనాథాశ్రమం ఉండేది. పదిమంది సన్యాసినులు, తొంభై ముగ్గురు పిల్లలు. బట్టలారేసుకునే తాడు తెచ్చి పిల్లల్ని తమ నడుములకి కట్టుకున్నారు, ఎవరూ విడిపోకూడదని. ముగ్గురు మగపిల్లలు మాత్రం ఒక చెట్టు పట్టుకుని బతికారు. శవాల్ని ఓడలో తీసుకెళ్ళి సముద్రంలో వేస్తే అలలు మళ్ళీ ఒడ్డుకి తెచ్చాయి. ఆ పనికి నల్లవాళ్ళని తుపాకి చూపించి ఎక్కించారు. తర్వాత ఊళ్ళోనే చితులు పేర్చి వారాల తరబడి కాల్చారు.

లైట్లు వెలిగాక మా ఆవిడ లేవలేదు. మనవరాలు, "నాయనమ్మా, ఏడుస్తున్నావా?" అంది. ఆవిడ, "మాదీ శనివారమేనమ్మా" అంది.

మేం బందరు వాళ్ళం. ఆవిడ అమ్మమ్మగారి ఊరు దివిసీమలో, సముద్రానికి దగ్గరగా. 1977 నవంబరు 19, శనివారం. ఆవిడకి పదిహేనేళ్ళు, బందరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. బందరులోనూ ఆ రాత్రి గాలికి పెంకులన్నీ లేచిపోయాయి, కానీ నీళ్ళు రాలేదు. మూడోరోజున మేనమామ నడుచుకుంటూ వచ్చాడట. మొల కింద లుంగీ తప్ప ఏమీ లేదు, ఒళ్ళంతా తాటిమట్ట గీతలు. తాడిచెట్టు కావిలించుకుని రాత్రంతా ఉన్నాడు. అమ్మమ్మ ఏదీ అంటే, "చేతిలోంచి జారిపోయింది" అన్నాడు. అంతే, ఇంక ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇదంతా మా ఆవిడ ఆ థియేటర్ బయట బెంచీ మీద కూర్చుని, తెలుగులో కొంతా ఇంగ్లీషులో కొంతా, పిల్లకి చెప్పింది. మా అబ్బాయి కూడా అప్పుడే మొదటిసారి విన్నాడు. నలభై దాటినవాడు, తల్లి పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

మధ్యాహ్నం సముద్రపు గోడ మీదికి వెళ్ళాం. 1902 అక్టోబరులో మొదలుపెట్టి 1904 జులైకి మొదటి మూడు మైళ్ళూ కట్టేశారు. 17 అడుగుల ఎత్తు. తర్వాత పెంచుకుంటూ పోయి ఇప్పుడు పది మైళ్ళుంది. మన ఫ్రిస్కో సెయింట్ లూయిస్–శాన్ ఫ్రాన్సిస్కో రైలు వచ్చి పుట్టింది కూడా 1902లోనే. అంటే ఇక్కడ రైలుపట్టా పక్కన ఊరికి కొలతలు వేస్తుంటే, అక్కడ ఉన్న ఊరిని నిలబెట్టుకోడానికి గోడకి పునాది తీస్తున్నారన్నమాట.

గోడ సరే, ఎవరైనా కడతారు. నన్ను ఆశ్చర్యపరిచింది రెండో పని. ఊరిని ఎత్తారు! 1903 నుంచి 1911 దాకా, అయిదువందల బ్లాకుల మేర, రెండువేల పైచిలుకు కట్టడాల కింద జాకీలు పెట్టి పైకి లేపారు. సముద్రం అడుగునించి ఇసక తోడి, నీళ్ళతో కలిపి, ఊరి మధ్యన కాలవ తవ్వించి, గొట్టాలతో ఇళ్ళ కిందికి పంపారు. నీరు ఇంకిపోతే ఇసక మిగిలింది. సెయింట్ పాట్రిక్ చర్చి మూడువేల టన్నుల బరువు. ఏడువందల జాకీలు పెట్టి అయిదడుగులు లేపారు. అన్నేళ్ళూ జనం బల్లల వంతెనల మీద నడిచి బజారుకెళ్ళారు. ఇసక ఖర్చు ప్రభుత్వానిది, ఇల్లు లేపుకునే ఖర్చు ఎవరిది వాళ్ళదే. మన కాలనీల్లో కంచెకి రంగు మార్చమంటేనే ఆర్నెల్లు ఈమెయిళ్ళు నడుస్తాయి, వీళ్ళు ఊరంతటినీ ఎలా ఒప్పించారో!

దానికో చమత్కారం ఉంది. ఈ పథకం వేసిన ముగ్గురు ఇంజనీర్లలో ఒకడు హెన్రీ మార్టిన్ రాబర్ట్, రిటైరైన సైనికాధికారి. 1876లో 'రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్' రాసినాయన ఆయనే. చర్చిలో జరిగిన ఒక సమావేశానికి అధ్యక్షత వహించి, అది రసాభాస కావడంతో, సభ ఎలా నడపాలో తెలుసుకుని పుస్తకం రాశాడు. మన తెలుగు సంఘాల జనరల్ బాడీ మీటింగుల్లో పాయింట్ ఆఫ్ ఆర్డర్ అని లేచి నిలబడతారే, ఆ పుణ్యం ఈయనదే. రెండో ఇంజనీరు పేరు నోబుల్. రాబర్ట్, నోబుల్ అని పక్కపక్కన చదవగానే మా బందరు వాళ్ళకి రాబర్ట్ నోబుల్ గారి కాలేజీ గుర్తుకొస్తుంది. ఏ సంబంధమూ లేదు, ఊరికే చెప్పాను.

1915 ఆగస్టులో దాదాపు అంత తుపానూ మళ్ళీ వచ్చింది. గోడ వెనక ఊళ్ళో పోయినవాళ్ళు పది పన్నెండుమంది.

ఇది విని మా మనవరాలు అడిగింది, "మీ ఊరు కూడా పైకెత్తారా నాయనమ్మా?" అని. మా ఆవిడ, "లేదమ్మా, అక్కడే మళ్ళీ కట్టుకున్నారు" అంది. ఆ జవాబు నాకు చాలలేదు. దారి పొడుగునా నేను చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మన తీరానికీ ఈ కథ పాతదే. కాకినాడ దగ్గర కోరంగి రేవుని 1789లో ఒకసారి, 1839లో ఒకసారి ఉప్పెన తుడిచేసింది. 1839లో మూడులక్షల మంది పోయారని ఇంటర్నెట్ నిండా ఉంది. ఆ కాలపు కోరంగి చుట్టుపక్కల అంతమంది ఎక్కణ్ణించి వస్తారు? నేను నమ్మను. కానీ రేవు మళ్ళీ తేరుకోలేదన్నది నిజం. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన 1789 కోరంగి ఉప్పెనతో సహా ఇలాంటి తుపానుల్ని పరిశీలించి, వీటికి ఒక పేరుండాలని 1848లో 'సైక్లోన్' అన్న మాట పుట్టించాడు. ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక మన కోరంగి శవాలు కూడా ఉన్నాయి. బందరు వంతు 1864 నవంబరు 1 రాత్రి. ముప్ఫైవేల మంది. బందరంటేనే రేవు, కానీ పెద్ద ఓడల రేవు మాత్రం మళ్ళీ రాలేదు. 2008లో, 2019లో, 2023లో మూడుసార్లు కొత్త రేవుకి శంకుస్థాపన చేశారు. మూడోదాని తర్వాత పనులు మొదలయ్యాయి.

అయితే 1977లో పదివేల మంది పోయిన తీరంలో, పదమూడేళ్ళకి, 1990 మే 9న అంతకు తగ్గని తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే దాటింది. పోయినవాళ్ళు 967 మంది. అది తక్కువ సంఖ్య కాదు, కానీ పదివేలకీ దానికీ ఉన్న తేడా దానంతటది రాలేదు. బందరులో తుపాను రాడార్ పెట్టారు, ఊళ్ళలో షెల్టర్లు కట్టారు, ముందే లారీలూ బస్సులూ పంపి లక్షలమందిని ఖాళీ చేయించారు. తాడిచెట్టు పట్టుకుని బతికిన ఆ మేనమామే 1990లో గేదెల్ని వదిలి రానని మొండికేస్తే, ఇద్దరు కానిస్టేబుళ్ళు రెక్కలు పట్టుకుని లారీలో పడేశారు. గేదెలు పోయాయి. ఆ కానిస్టేబుళ్ళని చచ్చేదాకా తిట్టాడు, ఇంకో పదహారేళ్ళు బతికి మరీ తిట్టాడు! గాల్వెస్టన్‌ది కళ్ళకి కనిపించే గోడ. మనది కనిపించదు గనక ఎవరూ ఫోటో తీసుకోరు.

ఆ గోడ మాత్రం సర్వరోగ నివారిణి అనుకోకండి. స్ట్రాండ్‌లో కొన్ని దుకాణాల గోడలకి మన తలకంటే ఎత్తున చిన్న పలకలున్నాయి. 2008 సెప్టెంబరులో హరికేన్ ఐక్ వచ్చినప్పుడు నీళ్ళు అక్కడిదాకా వచ్చాయట. సముద్రం వైపు గోడ నిలబడింది, నీళ్ళు వెనక అఖాతం వైపునించి వచ్చాయి. వీధి తలుపు గడియ పెట్టుకుంటే దొడ్డిదారిన దొంగొచ్చినట్టు! ఉప్పునీళ్ళకి వేలాది చెట్లు ఎండిపోతే, కొన్ని మోళ్ళని నరికెయ్యకుండా కొంగలుగా, డాల్ఫిన్లుగా చెక్కించుకున్నారు. ఇప్పుడు అఖాతం ముఖద్వారానికే గేట్లు కట్టే పథకానికి 2022లో కాంగ్రెస్ అనుమతిచ్చింది. వ్యాపారం సంగతంటారా, 1914లో ఓడల కాలవ తవ్వుకుని హ్యూస్టన్ ఎప్పుడో పట్టుకుపోయింది. ఊరు మునగలేదు కానీ పెద్ద పట్నమూ కాలేదు. నా మటుకు నాకు అది ఓటమిగా అనిపించలేదు.

గోడ మీద 2000లో పెట్టిన కంచు విగ్రహం ఉంది, ఆకాశం వైపు చేయి చాచిన తండ్రి, పక్కన తల్లీ బిడ్డా. వానలో ఎవరూ లేరు. మనవడు వెళ్ళి, మా ఆవిడ తలలోంచి తీసిన చామంతి పువ్వొకటి దాని కాళ్ళ దగ్గర పెట్టొచ్చాడు. ఎవరూ చెప్పలేదు వాడికి.

కాబట్టి మీరు క్రూజ్‌కి వెళ్తే ఒకరోజు ముందే వెళ్ళండి. పెద్ద ఖర్చేమీ కాదు, మోకాళ్ళకి శ్రమ కూడా తక్కువ, చాలా చోట్ల కూర్చోడానికి బెంచీలున్నాయి.

నా టైము అయిపోయింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు వాళ్ళు ఈ హాల్లో కనీసం నలుగురున్నారని నాకు తెలుసు. 1977లో ఎక్కడున్నారో, ఏం చూశారో ఆ నలుగురూ చెబితే వినాలని ఉంది. మనవలు కూడా వెనక కుర్చీల్లో ఉన్నారు, ఫోనుల్లో రికార్డు చేసే పని వాళ్ళది. మైకు అటు పంపిస్తున్నాను. రాబర్ట్ గారి రూల్స్ ఏవీ వర్తించవు, ఎవరు ముందు మాట్లాడినా ఫరవాలేదు.