పేరు గల మాట



కలమల్ల శాసనమును క్రీ.శ. 575 ప్రాంతమున రేనాటి చోడుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించెను. లభించినంతలో సంపూర్ణముగా తెలుగున వెలసిన తొలి శాసనము ఇదియేనని పండితుల నిర్ణయము. ఆ రాతిపై కొన్ని అక్షరములు చెరిగినను, రాజు పేరు నిలిచినది; మాటకు బాధ్యుడు కలడు.

2022 నవంబరున చాట్‌జీపీటీ వెలువడినది మొదలు కృత్రిమ మేధ అడిగినంతనే కథ చెప్పుచున్నది, పద్యమల్లుచున్నది, ముచ్చటించుచున్నది. చదివిన అసంఖ్యాక పుటలనుబట్టి ఏ మాట పిదప ఏ మాట రాదగునో గణించి కూర్చుటయే దాని విద్య. అందుచే లేని శాసనమును ఉన్నట్లుగను, ఒకరి పద్యమును వేరొకరిదిగను తొట్రుపడక చెప్పగలదు. తప్పు చూపినచో క్షమాపణయు చెప్పును. కాని ఆ పలుకునకు పూచీపడువారెవరు? చేవ్రాలు లేని లెక్క ఎంత చక్కగా కుదిరినను చెల్లదు గదా!

అట్లని యంత్రమును వెలివేయ నక్కరలేదు. వ్రాతకెక్కని కథ దానికి అందదు. కావున రేనాటి అవ్వల కథలను, నాట్ల పాటలను, చెప్పినవారి పేరు, ఊరు, తేదీలతో గ్రంథాలయము వ్రాయించి ఉంచవలెను. రేపు యంత్రము ఆ కథను మార్చి చెప్పినచో, సరిచూచుకొనుటకు మూలప్రతి ఈ బీరువాలో ఉండును.